గడియారం ఏడోవాడు కాదు

టైర్ల కొట్టు మేడ మీద గది
జనవరి 9

పేపరు పెద్దమనిషికి,

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నువ్వు ఒక ముక్క రాశావు. "గడియారం తొమ్మిదింటికి ఆగిపోయింది" అని. ఇంతలావు అక్షరాలు. కింద నీ పేరు. ఆ పేపరు నేను చింపలేదు. బీరువాలో పాత కట్టుగుడ్డల కింద ఉంది. ఏడాదికోసారి తీసి చదువుతా. కోపం తగ్గిందేమో చూసుకోడానికి. తగ్గలేదు.

నువ్వు నా భార్య తమ్ముడివి. మీ అక్క ఉన్నన్నాళ్ళూ నిన్ను ఒక్క మాట అనలేదు, ఆవిడ చేతి తిండి తింటున్నా కాబట్టి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు వచ్చి గుమ్మంలో నిలబడి నిలబడి వెళ్ళిపోయావు. నేనూ కూర్చోమనలేదు. అప్పుడు అనాల్సింది ఇప్పుడు అంటున్నా.

మొన్న మంగళవారం మావాడికి బాక్సింగు సంఘం నుంచి కవరు వచ్చింది. కొత్త హాలు కడుతున్నారట. గుమ్మం పక్కన రాతి పలక పెడతారట. ఇన్నేళ్ళలో పుట్టిన గొప్ప బాక్సర్లు పదిమంది పేర్లు వరసగా చెక్కుతారట. వరస వేసే కమిటీకి పెద్ద నువ్వట. అన్నీ జనం పెట్టిన పేర్లే. దర్జీ ఒకటి. కసాయి రెండు. మాస్టారు మూడు. అలా దిగుతూ దిగుతూ వచ్చి ఏడు దగ్గర మావాడు. ఒక్కో పేరు కింద ఒక్కో వాక్యం. మావాడి కింద ఏముందో చూసి రాస్తున్నా, తప్పు పోకుండా: "గడియారం. టైము తప్పని ఎడమచెయ్యి. గుండె మాత్రం తొమ్మిదో రౌండు దగ్గర ఆగింది."

ఒరేయ్, పేపరైతే మర్నాటికి పొట్లం అవుతుంది. రాయి పొట్లం కాదు.

వాడు మా అక్క కొడుకు. పదకొండేళ్ళప్పుడు నా చేతికొచ్చాడు. నలభై ఎనిమిది పోటీలు ఆడాడు, నలభై ఎనిమిదింటికీ గ్లౌజు తొడిగే ముందు వాడి చేతులకి కట్టు కట్టింది నేను. ఏ గుద్దు ఎప్పుడు పడాలో అప్పుడు పడేది, ముందూ కాదు వెనకా కాదు, అందుకే జనం గడియారం అన్నారు. వాడి కంటే గొప్పవాడు పుట్టలేదు. ఒకటి అని రాయి. గుండె మాట కొట్టెయ్యి.

కవరులో ఒక ఫారం కూడా ఉంది. పలక మీద రాత మీద నాకు అభ్యంతరం లేదు అని ఆటగాడు సంతకం పెట్టి పంపాలట. మావాడు చదివాడు. పెన్ను అడిగాడు. పెట్టేశాడు. ఫారం మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు, ఆస్పత్రి లాండ్రీకి. అది నేను తీసి దాచా. పోస్టు చెయ్యను.

ఫోను చెయ్యొద్దు. నాకు కుడి చెవి లేదు, ఎడమ చెవికి నీ గొంతు పడదు. పైగా నోటితో నీతో నెగ్గలేను. కాగితం మీద అయితే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

నీ బావ

•

మూడో అంతస్తు, వెనక వైపు ఫ్లాటు
జనవరి 21

బావగారికి నమస్కారం.

కవరు మీద దస్తూరీ చూడగానే మీరేనని తెలిసింది. మీ అక్షరాలు కూడా చేతులు పైకెత్తి ముక్కు కాచుకుంటూ నిలబడతాయి. ఆరేళ్ళకి ఒక ఉత్తరం రాశారు, అందులో నా ఆరోగ్యం గురించి ఒక్క ముక్క లేదు. బాగానే ఉన్నాను. మోకాళ్ళు పోయాయి. మెట్లు దిగడం మానేశాను.

ఇక వరస సంగతి. ఏడు అంటే మీకు తిట్టులా వినిపిస్తోంది. వేలమంది గ్లౌజు తొడిగారు, అందులో ఏడు. దర్జీ ముప్పై ఆరు పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. కసాయి ఛాంపియన్ బెల్టు గెలిచాక పదకొండుసార్లు నిలబెట్టుకున్నాడు. మాస్టారు మూడు వేర్వేరు బరువుల్లో నెగ్గాడు. మీ మేనల్లుడు నలభై మూడు గెలిచాడు, మూడు ఓడాడు, రెండు సమానం. మంచి లెక్కే. మీరు ఒకటి అంటున్నారు గానీ ఎందుకో ఎక్కడా చెప్పలేదు. పుట్టలేదు, పుట్టడు అంటే కమిటీలో మిగతా నలుగురూ నవ్వుతారు.

అసలు తగులుకునేది ఒక్క పోటీ దగ్గర, అది మీకూ తెలుసు. కసాయితో బెల్టు పోటీ. నేను రింగు పక్కనే ఉన్నాను. ఆ రోజు నోటుపుస్తకం ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఎనిమిది రౌండ్లయ్యేసరికి మీవాడు మూడు పాయింట్లు ముందున్నాడు. తొమ్మిది నుంచి పన్నెండు వరకూ ఎడమచేతి గుద్దులు అని ఒక గడి గీసుకున్నాను. నాలుగు గడుల్లోనూ సున్నా. కసాయి ఒక్క పాయింటుతో బెల్టు పట్టుకుపోయాడు. గొప్పవాళ్ళు ఓడిపోతారు, అందులో తప్పు లేదు. మానుకోరు. అతను మానుకున్నాడు. అప్పుడు అదే రాశాను.

మరోమాట. కొత్త హాల్లో ఆటగాళ్ళకి చేతికట్లు కట్టే గది ఒకటి వేరుగా కడుతున్నారు. దానికి మీ పేరు పెట్టాలని కమిటీలో అడిగింది నేనే. ఎవరూ కాదనలేదు. ఇది లంచం కాదు, మీ ఉత్తరం రాకముందు మాట.

ఆ నాలుగు రౌండ్ల గురించి నాకు తెలియనిది మీకేమైనా తెలిసుంటే రాయండి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆగాను, ఇంకో వారం ఆగుతాను. లేదంటే ఫారం పోస్టు చెయ్యండి. సంతకం పెట్టినవాడికి లేని బాధ మీకెందుకు?

అతన్ని అడిగానని చెప్పండి.

మీ బావమరిది

•

మేడ మీద గది
ఫిబ్రవరి 4

రాతగాడికి,

ఎందుకో చెప్పలేదన్నావు. చెప్తా, కళ్ళజోడు పెట్టుకో.

దర్జీ ఓడలేదు. ఎవరితో ఆడాడు? ఆ ముప్పై ఆరుగురిలో పదిమంది అప్పటికే రిటైరయి మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళ మేనేజరు ఎవడి మోకాలు వాచిందో కనుక్కుని వాడికే సవాలు పంపేవాడు. మాస్టారు మూడు బరువుల్లో నెగ్గాడట. తిండి తగ్గించి ఒకటి, పెంచి ఒకటి. తూకం యంత్రానికి ఇవ్వాలి ఆ బెల్టు, మనిషికి కాదు. మాస్టారు మావాడి ముందుకొచ్చి ఆరో రౌండులో కూర్చుండిపోయాడు, ఆ సంగతి నీ జాబితాలో ఎక్కడుంది? తనని కూర్చోబెట్టినవాడి కంటే నాలుగు మెట్లు పైన ఎక్కించావు. నువ్వు మెట్లు దిగలేకపోవడం నిజమే.

కసాయి మంచి ఆటగాడు. వాడి మీద నాకేం లేదు.

ఇక మావాడు. పదహారేళ్ళు ఆడాడు, ఒక్కసారి చెయ్యి విరగలేదు. గట్టి దెబ్బ కొట్టేవాళ్ళందరికీ వేళ్ళ గణుపులు పగులుతాయి, వాడికి పగల్లేదు. ఎందుకు? కట్టు. నువ్వు వందల పోటీలు రాశావు గానీ కట్టు ఎలా కడతారో ఒక్కసారి రాశావా? బల్ల మీద కూర్చోబెడతా. వేళ్ళు బారజాపమంటా. గాజుగుడ్డ మణికట్టు చుట్టూ మూడుసార్లు, అరచేతి మీదుగా, గణుపుల మీద మెత్తలాగా. ప్రతి చుట్టుకీ పిడికిలి ముయ్యమంటా. మూస్తే చెయ్యి లావవుతుంది. ఆ లావుకి ఎంత బిగువు పడుతుందో అంతే వేస్తా, మళ్ళీ తెరవమంటా. ముయ్యి, తెరువు, ముయ్యి, తెరువు. ఇరవై నిమిషాలు. చివర టేపు. దాని మీద ఎదుటి పక్షం మనిషి సంతకం పెడతాడు, లోపల రాయీ రప్పా దాచలేదని. సంతకం పడ్డాక ఆ కట్టు మళ్ళీ విప్పడానికి లేదు, విప్పితే ఓడినట్టే. నా కట్టుకి సంతకం పెట్టినవాళ్ళు ఫొటో తీసుకుని మరీ వెళ్ళేవాళ్ళు. ఎనభై ఏళ్ళొచ్చాయి, ఇప్పటికీ ఆదివారం జిమ్ముకి వెళ్తే నా బల్ల ముందు వరస ఉంటుంది. గదికి నా పేరు పెడితే పెట్టండి. అడుక్కోలేదు.

ఆ నాలుగు రౌండ్ల గురించి రాయడానికి ఏం లేదు. కసాయి బాగా ఆడాడు.

నువ్వు అడిగానన్నావని మావాడికి చెప్పా. "మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టమను" అన్నాడు. అంతే అన్నాడు.

ఒకటి. ఏడు కాదు.

నీ బావ

•

మూడో అంతస్తు
ఫిబ్రవరి 16

బావగారికి,

మాస్టారి విషయంలో మీరు చెప్పింది సబబుగానే ఉంది. కమిటీలో చదివి వినిపించాను, తూకం యంత్రం మాటకి అందరూ నవ్వారు, తరవాత ఆలోచనలో పడ్డారు. అతన్ని కిందకి దించుతున్నాం. దాంతో మీవాడు తనంతట తాను ఆరో చోటికి వస్తాడు. అంతకంటే పైకి వెళ్ళాలంటే కారణం కావాలి. అరుపు చాలదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కట్టు ఎలా కడతారని నేను అడగలేదు. మీరు ముప్పాతిక పేజీ రాశారు. నాలుగు రౌండ్ల గురించి అడిగాను. దానికి ఒకటిన్నర వాక్యం. నలభై ఏళ్ళు మనుషుల్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ణి నేను. అడగని దానికి జవాబు ఎక్కువగా వస్తే పెన్ను మూసి కాసేపు మనిషి మొహం చూసేవాణ్ణి. మీ మొహం ఇక్కడ లేదు.

అక్క ఒకప్పుడు నా దగ్గర ఒక మాట తీసుకుంది. అదేమిటో మీకు చెప్పను. ఉందని మాత్రం చెబుతున్నాను. ఆ మాట వల్లే మీ గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాను, మీరు కూర్చోమననందుకు కాదు.

రాయి చెక్కేవాడు ఏప్రిల్ ఒకటిన ఉలి పడతానన్నాడు. ఫారం అందకపోయినా పాత వాక్యంతోనే చెక్కుతారు, అభ్యంతరం రాలేదు కాబట్టి.

వేడినీళ్ళ కాపడం పనిచేస్తోందని అతనితో చెప్పండి.

మీ బావమరిది

•

మేడ మీద గది
మార్చి 5

సోమవారం మావాడి చెయ్యి కాలింది.

లాండ్రీలో పెద్ద ఇస్త్రీ రోలరు ఉంటుంది. తడి దుప్పటి ఇటునుంచి తోస్తే అటు ఎండి వస్తుంది. వాడు తోస్తాడు. అవతల ఒక ఆవిడ అందుకుని మడతపెడుతుంది. ఎనిమిదేళ్ళుగా ఇద్దరిదీ జోడీ. ఆవిడ అందట, "అన్నా, ఏదో కాలుతున్న వాసన" అని. వాడు దుప్పటి చూశాడట. దుప్పటి బాగానే ఉంది. ఇంకో దుప్పటి చూశాడట. అదీ బాగానే ఉంది. అప్పుడు ఆవిడ అరిచింది. వాడి ఎడమచెయ్యి చిటికెన వేలు వైపు రోలరు అంచుకి ఆనుకుని ఉంది.

నేను వెళ్ళేసరికి డాక్టరు చూస్తున్నాడు. చిన్న సూది తీసి రెండు వేళ్ళ మీద గుచ్చాడు. మావాడు గోడ మీద కేలండరు చూస్తున్నాడు. కాలనిచోట గుచ్చాడు, అయినా చెయ్యి లాక్కోలేదు.

"ఈ వేళ్ళకి స్పర్శ ఎప్పటినుంచి లేదు?" అన్నాడు డాక్టరు.

"చాన్నాళ్ళయిందండీ."

"చాన్నాళ్ళంటే?"

మావాడు నా వైపు చూశాడు. "వయసండీ" అన్నాడు.

వయసు కాదు అన్నాడు డాక్టరు. నరం ఎప్పుడో నలిగి చచ్చిపోయింది, పాత దెబ్బ అన్నాడు. ఎలా తగిలిందని అడిగితే బాక్సింగు ఆడేవాణ్ణి అన్నాడు మావాడు. డాక్టరు ఓహో అని రాసుకున్నాడు.

ఒకే గదిలో ఉంటున్నాం ఇన్నేళ్ళుగా. వాడు ఎడమ చేత్తో గ్లాసు ఎత్తడు. చొక్కా గుండీలు కుడి చేత్తో ఒక్కదాంతోనే పెట్టుకుంటాడు. నేను చూశా. అలవాటు అనుకున్నా. నిజంగా అనుకున్నానో అనుకోవాలనుకున్నానో తెలీదు.

వాడికి నొప్పి లేదు. హాయిగా తింటున్నాడు. పదిహేను రోజులు సెలవు ఇచ్చారు. రోజూ కట్టు నేనే మారుస్తున్నా.

వరస గురించి ఈసారి ఏం లేదు.

•

మూడో అంతస్తు
మార్చి 10

బావా,

'గారు' తీసేశాను. నువ్వు నన్ను ఒరేయ్ అన్నావు, నేను నిన్ను నువ్వు అంటాను. ఇలాగే కదా మొదట ఉండేవాళ్ళం.

అక్కకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఆవిడ వచ్చి అడగదు.

ఆ రోజు గంట మోగి, కసాయి చెయ్యి పైకెత్తాక, నేను మీ గదికి వచ్చాను. మీవాడు రెండు మాటలు చెబితే పేపర్లో వేద్దామని. తలుపు కొంచెం తెరిచి ఉంది. నువ్వు బల్ల దగ్గర వంగి కత్తెరతో ఎడమచేతి కట్టు కోస్తున్నావు. నీ వీపు నాకు కనిపిస్తోంది. కట్టు ఊడింది. లోపలి చెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వేళ్ళు విచ్చుకోవడం లేదు. నువ్వు దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతున్నావు. రెండు నిమిషాలకి అది ఎర్రగా, తరవాత నీలంగా అయింది.

అప్పటికే నాకు అర్థమైంది, బావా. అంతమంది చేతులు చూసినవాణ్ణి.

అక్క మూలన నిలబడి ఉంది. నన్ను చూసి బయటికొచ్చి తలుపు దగ్గరకి వేసింది. నా చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. "రాయకురా" అంది. "రాస్తే ఇంకెవడూ ఆయన ముందు చెయ్యి చాపడు. ఆయన దగ్గర అదొక్కటే ఉంది." ఎప్పటికీ నీకు చెప్పనని మాట తీసుకుంది.

తెల్లారితే లోకమంతా అడిగేది ఒక్కటే, ఎడమచెయ్యి ఎందుకు ఆగింది? చెయ్యి అని రాయలేను. ఏదో ఒకటి రాయాలి. గుండె అని రాశాను. నిన్ను కాపాడ్డానికి అతన్ని తోసేశాను. దాని తరవాత అతనికి ఎవరూ బెల్టు పోటీ ఇవ్వలేదు. గుండె లేనివాడికి టిక్కెట్లు తెగవన్నారు. నువ్వేమో నన్నే తిట్టుకుంటూ కూర్చున్నావు. తిట్టుకోనీలే అనుకున్నాను. పోను పోను నేను రాసింది నేనే నమ్మడం మొదలుపెట్టాను. ఏడు అని వేసినప్పుడు నాకు చెయ్యి గుర్తే రాలేదు, నమ్ము. నీ మొదటి ఉత్తరం చూశాకే ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది.

ఇప్పుడు ఒక పని చేస్తాను. వాక్యం తీసేస్తాను. అంకె మారుస్తాను. కమిటీకి వేరే ఏదైనా కారణం చెబుతాను, నోరున్నవాణ్ణి. కట్టు మాట ఎక్కడా రాదు. గదికి నీ పేరు అలాగే ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

సరేనా?

నీ బావమరిది

•

మేడ మీద గది
మార్చి 17

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. చదివి మడిచి పెట్టా. నాకేం అనిపించలేదు. కోపం వస్తుందేమో అని కూర్చుని చూశా. రాలేదు. మీ అక్క చొక్కా పట్టుకుందన్న చోట రెండోసారి చదివా. అప్పుడూ ఏం రాలేదు. లేచి గిన్నెలు కడిగా.

జరిగింది రాస్తున్నా. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ.

ఆ రోజు నేను గదిలోకి వచ్చేసరికి మావాడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండ్రోజులుగా వాడికి నిద్ర లేదు. కసాయి పక్షం మనిషి సంతకం పెట్టడానికి వచ్చి కుర్చీలో ఉన్నాడు. లావుపాటి మనిషి, నోట్లో పుల్ల. "లేపవయ్యా, ఇరవై నిమిషాల పని" అన్నాడు. నేనేమన్నానంటే, "ఈ చేతులకి కట్టు కట్టడానికి వాడు లేవక్కర్లేదు. కావాలంటే దీపం కూడా ఆర్పుకో" అన్నా. వాడు పుల్ల తీసి, "చూద్దాం, కట్టు" అన్నాడు.

కట్టా. కుడిచెయ్యి వాడి పొట్ట మీద గుప్పిట ముడుచుకుని ఉంది, అది సరిగ్గా కుదిరింది. ఎడమచెయ్యి బల్ల పక్కకి వేలాడుతోంది, వదులుగా. ముయ్యి అనలేదు, తెరువు అనలేదు. వదులు చేతికి ఎంత బిగువు పట్టిందో అంత వేసుకుంటూ పోయా. అద్దంలా వచ్చింది. లావుపాటివాడు సంతకం పెట్టి, "నీ అంతవాణ్ణి చూళ్ళేదయ్యా" అన్నాడు. నేను నవ్వా.

పిడికిలి మూశాక అది ఉచ్చు అవుతుందని నాకు తెలీదా? పసివాడికి కూడా చెప్తా ఆ మాట, నీకు ఫిబ్రవరిలో నేనే రాశా. ఆ ఇరవై నిమిషాలు నాకు గుర్తు రాలేదు. వాడెవడో నన్ను చూస్తున్నాడు, అదొక్కటే ఉంది.

ఎనిమిదో రౌండు అయ్యాక మూలకి వచ్చి కూర్చుని మావాడు అన్నాడు, "మామయ్యా, ఎడమచెయ్యి తెలీడం లేదు." విప్పితే పోటీ పోతుంది. నేను వాడి నోట్లో నీళ్ళు పోసి, "కుడి ఆడు" అన్నా. నాలుగు రౌండ్లు కుడి ఒక్కటే ఆడాడు. ఆ కసాయి ముందు, ఒంటిచేత్తో, కింద పడకుండా. తేడా ఒక్క పాయింటు. అది నీ నోటుపుస్తకంలో సున్నా.

మొన్న పొద్దున కట్టు మారుస్తూ వాణ్ణి అడిగా. మందు రాసి, గాజుగుడ్డ తీసుకుని, "నెమ్మదిగా పిడికిలి ముయ్యి" అన్నా. మూశాడు. ఒక చుట్టు వేశా. తెరిచాడు.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు నిద్రలో ఉండగా కట్టా. తప్పు నాది" అన్నా.

"నిద్రపోలేదు మామయ్యా."

"ఏంటీ?"

"నిద్ర పట్టలేదు. ఊరికే కళ్ళు మూసుకున్నా. నువ్వు ఆయనతో అంటుంటే విన్నా."

"మరి లేవలేదేం రా?"

"లేస్తే ఆయన ముందు నీ మాట పోతుంది కదా" అన్నాడు. మళ్ళీ తనే, "బిగువు తెలిసింది. ఎక్కువ అయిందనుకున్నా. నువ్వు కదా కట్టింది, సరిపోతుందిలే అనుకున్నా" అన్నాడు.

"పేపర్లో వాడు గుండె లేదని రాస్తే చదివావుగా. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"ఏం చెప్తాం మామయ్యా" అన్నాడు. "ఇంకో చుట్టు వెయ్యి, జారుతోంది" అన్నాడు.

వేశా.

మీ అక్క నన్ను కాపాడింది. నువ్వు కాపాడావు. వాడు కాపాడాడు. ముగ్గురూ నా చుట్టూ చేరి నన్ను నిలబెట్టి ఉంచారు, నేనేమో వాణ్ణి నిలబెట్టింది నేనని ఊరంతా చెప్పుకు తిరిగా. చాలు ఇక.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. సరే కాదు. నీ నోరు నువ్వు దాచుకో. వేరే కారణం ఏదీ చెప్పొద్దు.

వరస ఇలా పెట్టు. దర్జీ ఒకటి. ముసలాళ్ళతో ఆడాడని నేనన్నది సగం నిజం, మిగతా ఇరవై ఆరుగురు మంచివాళ్ళే, వాళ్ళనీ కొట్టాడు. అంత వేగం నేను చూళ్ళేదు. కసాయి రెండు. వాడు గెలిచాడు, ఎలా గెలిస్తేనేం, తరవాత పదకొండుసార్లు నిలబెట్టుకున్నాడు. మావాడు మూడు. నాలుగు నుంచి నీ ఇష్టం. ఇన్నేళ్ళూ ఒకటి ఒకటి అని అరిచింది వాడి కోసం కాదు. ఒకటి అయితే ఎవడూ ఆ నాలుగు రౌండ్లు అడగడని. మూడు అంటే అడుగుతారు. అడగనీ. వాడు మూడోవాడు, అది వాడి సొంతం, నా అరుపు కలపక్కర్లేదు.

వాడి పేరు కింద ఇది చెక్కించు: "గడియారం. బెల్టు పోటీలో నాలుగు రౌండ్లు ఎడమచేతికి స్పర్శ లేకుండా నిలబడి ఆడాడు. కట్టు తప్పు." ఆ కట్టు కట్టింది మేనమామ అని కూడా ఉండాలి. చోటు చాలకపోతే వాడి నలభై మూడు గెలుపుల్లో కొన్ని తగ్గించు, ఇది తగ్గించకు.

గదికి నా పేరు తీసెయ్యి. మొన్న ఆదివారం జిమ్ముకి వెళ్ళి బల్ల ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ చెప్పా, జరిగిందంతా. కొంతమంది వెళ్ళిపోయారు. ఇద్దరు ఉన్నారు. వాళ్ళకి కట్టా. ముయ్యి, తెరువు.

మావాడు సంతకం పెట్టిన ఫారం చించేశా. అది అబద్ధం మీద పెట్టిన సంతకం. కొత్త వాక్యంతో కొత్త ఫారం పంపు. వాడు ఒప్పుకోడు, నాకు తెలుసు, వద్దు మామయ్యా అంటాడు. ఈసారి వాడి మాట పోతుంది. వాడు పెట్టకపోతే కింద నేను పెడతా.

ఈ నెల 28, శనివారం. మధ్యాహ్నం పోస్టు మూడింటికి వస్తుంది. ఆ లోపల నీ జవాబు నా చేతిలో ఉండాలి, అవును అనో కాదు అనో. మోకాళ్ళూ వాతావరణం రాయొద్దు. రాకపోతే ఆదివారం జిమ్ము మానేసి కుర్చీ పట్టుకెళ్ళి రాయి చెక్కేవాడి కొట్టు ముందు కూర్చుంటా. వాడు ఉలి ఎత్తే ముందు నాతో మాట్లాడాలి.

శనివారం. మూడింటికి.

నీ బావ